యాభై అయిదో ఏట మందు మానిన డాక్టరు

మన అరోరాలో మెట్రా రైలెక్కితే గంటా గంటన్నరలో చికాగో చేరతాం. ఆ ఊళ్లో రష్ మెడికల్ కాలేజీ అని పాత వైద్య కళాశాల ఉంది. నూరేళ్లకు పైమాటే, అక్కడ ఒక విద్యార్థి ఆఖరి పరీక్షలకు కూర్చున్నాడు. రాత్రంతా తాగి వచ్చిన చేతులు వణికి పెన్సిలు నిలవలేదు. ఖాళీ కాగితాలు ఇచ్చి లేచిపోయాడు. చుక్క ముట్టకుండా మరికొన్ని నెలలు చదివితేనే డిగ్రీ ఇస్తామన్నారు. అలాగే ఉండి 1910లో డాక్టరు అయ్యాడు. ఆయనే రాబర్ట్ స్మిత్. లోకమంతా డాక్టర్ బాబ్ అంటుంది.

ఆయన 1879 ఆగస్టు 8న వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టారు. కాలేజీ రోజుల్లోనే తాగుడు అలవాటైంది. డాక్టరయ్యాక ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ ఊరు చేరి, సర్జన్‌గా స్థిరపడ్డారు. 1915లో ఆన్ అనే ఆవిడను పెళ్లాడారు. 1920లో దేశమంతా మద్యనిషేధం వచ్చింది. ఇక తాగుడు తప్పుతుందని ఆయన అనుకున్నారు. కానీ డాక్టర్లకు మందుగా సారా రాసే వీలుండేది, దొంగ సారాకూ కొదవలేదు.

అక్కడినుంచి పదిహేనేళ్లు నరకమే. పొద్దున చేతుల వణుకు ఆగడానికి నిద్రమాత్రల్లాంటి మత్తుమందు, సాయంత్రం సీసా. బొగ్గుల గదిలో, తలుపుల పైన, ఆఖరికి మేజోళ్లలో కూడా సీసాలు దాచేవారు. ప్రాక్టీసు పడిపోయింది, అప్పులు పెరిగాయి. ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరినా ఇంటికొచ్చాక మళ్లీ మొదలే. మందు వల్ల ఏమవుతుందో ఆయనకు తెలియనిదా? డాక్టరే కదా! తెలిసినంత మాత్రాన మానలేకపోయారు. ఈ మాట మనం గుర్తుపెట్టుకోవాలి. తాగుడు తెలివితక్కువతనం కాదు, జబ్బు.

1935 మే నెలలో న్యూయార్క్ నుంచి బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి పనిమీద ఏక్రన్ వచ్చాడు. ఆయనా పెద్ద తాగుబోతే, మానేసి అయిదు నెలలైంది. వచ్చిన పని చెడిపోయింది. పరాయి ఊరు, చేతిలో డబ్బు లేదు, హోటల్లో ఒంటరితనం, ఎదురుగా బారు. మనలో ఎంతమందికి ఈ సాయంత్రం తెలియదు? ఆయన బారు వైపు వెళ్లకుండా ఫోను దగ్గరకు వెళ్లాడు. మాట్లాడడానికి ఇంకో తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని చర్చీలకు ఫోన్లు చేశాడు. అలా మే 12న, మదర్స్ డే సాయంత్రం, ఇద్దరూ కలిశారు.

భార్య బలవంతం మీద వచ్చిన డాక్టర్ బాబ్ పదిహేను నిమిషాలకు మించి కూర్చోనన్నారు. అయిదు గంటలకు పైగా కూర్చున్నారు. ఎందుకంటే బిల్ నీతులు చెప్పలేదు, తిట్టలేదు. తన కథ తాను చెప్పుకున్నాడు. తన బాధ పడ్డ మనిషితో మాట్లాడడం డాక్టరుగారికి అదే మొదటిసారి.

వెంటనే అంతా బాగుపడలేదు. జూన్‌లో డాక్టర్ల మహాసభకని అట్లాంటిక్ సిటీ వెళ్లి, మళ్లీ ఒళ్లు తెలియకుండా తాగి వచ్చారు. బిల్, ఆన్ ఆయన్ని వెళ్లగొట్టలేదు, దగ్గరుండి చూసుకున్నారు. 1935 జూన్ 10న ఆపరేషను చేయాల్సి ఉంది. చేయి వణక్కుండా బిల్ ఇచ్చిన ఒక్క బీరే ఆయన తాగిన ఆఖరి మందు. ఆపరేషను ముగించి, అప్పులవాళ్ల దగ్గరకు, తాను నొప్పించిన వాళ్ల దగ్గరకు తిరిగి, సర్దిచెప్పుకుని రాత్రికి ఇల్లు చేరారు. అప్పుడాయన వయసు 55. ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం ఆ రోజునే పుట్టిందంటారు.

మానేశాక కూడా రెండున్నరేళ్లు తాగాలనే కోరిక ఆయన్ని వదల్లేదు. బిల్‌కయితే మానేసిన పదేళ్లకు దిగులు జబ్బు పట్టుకుని, ఏళ్ల తరబడి వేధించింది. సీసా వదిలితే మనసు తనంతట తానే బాగుపడదు. దాన్నీ చూసుకోవాలి. డాక్టర్ బాబ్ చేసుకున్న వైద్యం ఇంకొకరికి సాయపడడం. 1939 నుంచి సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియాతో కలిసి సుమారు 5000 మంది తాగుడు రోగులను చూశారు. ఫీజు తీసుకోలేదు. అదే 1939లో, ఏక్రన్‌లో బాగుపడ్డ ఒకాయన ద్వారా చికాగో ప్రాంతానికీ ఈ సంఘం వచ్చింది. 1949లో భార్య పోయింది, తనకు క్యాన్సరు. అయినా మళ్లీ సీసా పట్టకుండా 1950 నవంబరు 16న కన్నుమూశారు.

ఈ కథ మన పుస్తకంలో ఎందుకంటే, మనవాళ్లలోనూ షిఫ్టు దిగి గదిలో ఒంటరిగా తాగేవాళ్లున్నారు. పిల్లలు ఎదిగి వెళ్లాక, ఉద్యోగం పోయాక, ఊళ్లో అమ్మానాన్న పోయాక మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని, ఈ వయసులో ఇంకేం మారతామని ఊరుకుంటారు. యాభై అయిదేళ్లకు మారిన మనిషి ఉన్నాడని వాళ్లకు చెప్పండి.

కొన్ని మాటలు గుర్తుంచుకోండి. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరుకు నిజం చెప్పి, ఆయన చెప్పినట్టు మానాలి. ఎ.ఎ. మీటింగులకు ఫీజు లేదు, పూర్తి పేరు చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్ల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ ఉంది. చనిపోవాలనిపించినా, దిగులు తట్టుకోలేకపోయినా రాత్రీ పగలూ 988కి ఫోన్ చేయవచ్చు.

ఇంకో మాట. ఆ సాయంత్రం డాక్టర్ బాబ్‌ను నిలబెట్టింది మందుబిళ్ల కాదు, ఎదుట కూర్చున్న మనిషి. మీ గదిలో, మీ పక్కింట్లో అలాంటివారుంటే ఈ ఆదివారం ఒకసారి వెళ్లి కూర్చోండి. తిట్టకండి, నీతులు చెప్పకండి. టీ పెట్టుకుని, వాళ్లు చెప్పేది వినండి చాలు.