సముద్రగర్భమున జాన్ పెన్లెవే

సముద్రమును రత్నాకరమని మన పెద్దలు కొనియాడిరి. రత్నములనగా ముత్యములు, పగడములు మాత్రమే యని తలంచువారు పెక్కుమంది. కాని రాతి సందున దాగిన చిన్న పీతయందును, గుఱ్ఱపు మొగము గల చిఱుచేపయందును అంతకంటె విలువైన వింతను చూచి, దానిని లోకమునకు చూపుటకై జీవితమును ధారపోసిన శాస్త్రజ్ఞు డొకడు ఫ్రాన్సు దేశమున నుండెను. ఆయనయే జాన్ పెన్లెవే.

పెన్లెవే 1902వ సంవత్సరము నవంబరు 20వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి పాల్ పెన్లెవే గొప్ప గణితశాస్త్రవేత్త. 1917లోను, 1925లోను ఫ్రాన్సు ప్రధానమంత్రిగా నుండిన రాజనీతిజ్ఞుడు. బిడ్డ పుట్టిన కొలది కాలమునకే తల్లి మరణింపగా, మేనత్త ఆ శిశువును పెంచెను. తండ్రివలె తానును గణితమున పేరు పొందవలెనని జాన్ మొదట యత్నించెను గాని, ఆ విద్య ఆయనకు పట్టుబడలేదు. వైద్యవిద్యలో చేరి, దానిని గూడ మధ్యలో విడిచెను. తుదకు సోర్బన్ విశ్వవిద్యాలయమున జీవశాస్త్రము నభ్యసించెను. బ్రిటనీ తీరమునందలి రోస్కాఫ్ పరిశోధనాలయమున సముద్రజీవులను చూచిన పిమ్మట ఆయన మనస్సు మరి యొక విషయముమీదికి పోలేదు.

ఆ కాలమున చలనచిత్రము వినోదమునకే పనికివచ్చునని పండితుల యభిప్రాయము. పెన్లెవే అట్లు తలపలేదు. సూక్ష్మదర్శని కంటికి కనబడని దానిని చూపునట్లే, కెమెరా క్షణములో గడచిపోవు దానిని నిలిపి చూపునని ఆయన విశ్వాసము. ఒక చిన్న చేప గ్రుడ్డు దినదినము ఎట్లు మార్పు చెందుచుండునో చిత్రించి, 1928లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తువారికి ప్రదర్శించెను. సభ మెచ్చలేదు. చలనచిత్రము విద్వాంసులు పాటింపదగిన వస్తువు కాదని ఒక పండితుడు కోపముతో లేచిపోయెను. మరియొకడైన నిరాశ చెంది ఆ పని మానుకొనెడివాడు. పెన్లెవే మానలేదు. నత్తగుల్లలో కాపురముండు పీతలను, ముండ్ల బంతులవంటి సముద్రజీవులను, సన్నని కాళ్ల పీతలను వరుసగా చిత్రించెను. 1930లో విజ్ఞాన చలనచిత్ర సంస్థను స్థాపించెను.

పిదప ఆయన దృష్టి సముద్రపు గుఱ్ఱముమీద పడెను. ఇది చేపజాతికి చెందినదే. ఐనను ఇతర మత్స్యములవలె అడ్డముగా నీదక, నిలువుగా నిలిచి, వీపుమీది చిన్న రెక్కను చకచక నాడించుచు మెల్లగా సాగును. తోకను నాచుమొక్కకు చుట్టి ప్రవాహమున కొట్టుకొనిపోకుండ నిలుచును. ఒక కన్ను ముందునకు చూచుచుండగా రెండవ కన్ను వెనుకకు చూడగలదు. వీనిని వానిచోటనే చూడవలెనని పెన్లెవే నిశ్చయించుకొని, ఫ్రాన్సు నైరృతి తీరమున నున్న ఆర్కషోన్ అఖాతమునకు పోయెను.

నీటిలో చిత్రములు తీయుట అప్పటికి సులభమైన పని కాదు. కెమెరాను నీరు చొరని పెట్టెలో నుంచి, ముందు అద్దపు పలక అమర్చిరి. అందు కొలది క్షణములకు చాలు ఫిల్ము మాత్రమే పట్టును. అది కాగానే పైకి వచ్చి, మరల నింపుకొని, మరల మునుగవలెను. ఊపిరికి వలయు గాలి సుమారు పది మీటర్ల గొట్టముగుండ వచ్చుచుండెను. పైనున్న ఇద్దరు మనుష్యులు చేతితో చక్రము త్రిప్పి ఆ గాలిని పంపవలెను. ఒకనాడు పెన్లెవే నీటి యడుగున నుండగా గాలి రాక నిలిచిపోయెను. ఆయన ప్రాణములు గ్రుక్కబట్టి పైకి వచ్చి చూచెను. చక్రము నెంత వేగముగా త్రిప్పవలెనో తేలక ఆ యిద్దరును తగవులాడుకొనుచుండిరి! ఇట్టి యాపదలు కలిగినను ఆయన మునుగుట మానలేదు.

సముద్రమున చూచుటకు వీలుకాని దానిని పారిస్‌లో గాజుతొట్లలో పెంచి చూచెను. సముద్రపు గుఱ్ఱములలో ఆడది గ్రుడ్లను మగదాని పొట్టమీది సంచిలో విడుచును. కొన్ని వారములపాటు తండ్రియే వానిని మోసి, ఆ సంచిలోనే వానికి ప్రాణవాయువు నందించి, తుదకు ప్రసవవేదన వంటి శ్రమపడి పిల్లలను కనును. ఒక్క కాన్పున వందలకొలది పిల్లలు వెలువడవచ్చును. ఆ ఘడియ యెప్పుడు వచ్చునో యెవ్వరు చెప్పగలరు? పెన్లెవే రాత్రింబవళ్లు తొట్టి ముందు కాచుకొని కూర్చుండెను. నిద్రవలన తల వాలినచో స్వల్పమైన విద్యుదాఘాతము తగులునట్లు ఒక సాధనమును తానే కల్పించుకొనెను. ఆ దీక్ష ఫలించెను. తండ్రి కడుపునుండి సన్నని పిల్లలు ఒకటొకటిగా వెలువడి నీటిలో తేలిపోవు దృశ్యమును వేలకొలది జనులు తెరమీద చూచిరి. బిడ్డల భారము తల్లిది మాత్రమే కాదని ఆ చిత్రము వారికి బోధించినట్లయ్యెను. పండితులు నిరాకరించిన కెమెరా, సామాన్యులకు శాస్త్రమును చేరువ చేసెను.

గొట్టము బంధమునుండి మనుష్యుడు విముక్తుడు కావలెనని ఆయన కోరిక. నౌకాధికారియైన ఈవ్ ల ప్రియర్, నొక్కిపట్టిన గాలిని సీసాలో నింపి, దానిని తనతో మోసికొనిపోవు సాధనమును నిర్మించెను. ఆయనతో కలిసి పెన్లెవే 1935లో నీట మునుగువారి సంఘ మొకటి నెలకొల్పెను. 1943లో కూస్తో, గాన్యాన్ అనువారు కల్పించిన సాధనము వలన శ్వాసకు తగినంత గాలి మాత్రమే తానుగా విడుదలయ్యెను. నేడు సముద్రపు లోతులలో చిన్న జీవులను ఛాయాచిత్రములు తీయువారందరు ఈ మార్గమున నడచువారే.

రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు ఫ్రాన్సును ఆక్రమింపగా, పెన్లెవే వారి నెదిరించినవారితో చేరి అజ్ఞాతవాసము చేసెను. శాంతి నెలకొనిన పిమ్మట జెనెవీవ్ హమోన్ అను సహచరితో కలిసి మరల సముద్రజీవుల యొద్దకే వచ్చెను. అష్టపాదుల జీవితమును, లంగావలె మేనిచర్మమును విప్పుచు నాట్యమాడు చిన్న నత్తలను చిత్రించెను. ఆయన తీసిన చిత్రములు రెండు వందలకు పైబడెను. 1989వ సంవత్సరము జూలై 2వ తేదీన, ఎనుబదియారవ యేట, ఆయన పరమపదించెను.

గొప్ప వంశమున పుట్టిన పెన్లెవే గొప్ప పదవులను కోరలేదు. ఎవ్వరును లెక్కచేయని చిఱుప్రాణుల యెదుట ఓర్పుతో కూర్చుండెను. వానిని బెదరింపక, తొందరపెట్టక, వాని సమయము వచ్చువరకు వేచియుండెను. ప్రకృతి తన రహస్యములను అట్టివారికే విప్పి చూపును.