బ్రహ్మానంద కేశవచంద్ర సేనుడు

బ్రహ్మసమాజమనగానే మన తెలుగువారికి కందుకూరి వీరేశలింగము పంతులుగారును, రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును స్మరణకు వత్తురు. ఆ సమాజమును వంగదేశపు పొలిమేర దాటించి దక్షిణమునకు తెచ్చిన మహనీయుడు మాత్రము మనలో పలువురికి పేరు వరకే తెలియును. రాజా రామమోహన రాయలు 1828లో సమాజమునకు పునాది వేసిరి. మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు దానికొక క్రమమును, ఉపాసనావిధానమును ఏర్పరచిరి. దానిని దేశమంతట నడిపించినవాడు కేశవచంద్ర సేనుడు. అది రెండుమారులు చీలుటకు కారకుడైనవాడును ఆయనయే. పెంపును చీలికయు ఒక్క గుణమునుండియే పుట్టినవని నా అభిప్రాయము.

కేశవచంద్రుడు 1838 నవంబరు 19వ తేదీన కలకత్తాలో, కొలూటోలా సేనుల యింట జన్మించెను. వారిది వైద్యకులము, వైష్ణవ సంప్రదాయము. తాత రామకమల సేనుడు బెంగాలు బ్యాంకునకు దివాను. ఆంగ్ల వంగ నిఘంటువును కూర్చిన పండితుడు. తండ్రి ప్యారీమోహనుడు కేశవుని బాల్యముననే గతించెను. చదువు సాగుచున్న దినములలో మతచింత ప్రబలమై, 1857లో ఆయన సమాజపు ప్రతిజ్ఞాపత్రముపై సంతకము చేసెను. ఇంటివారు తాతగారి బ్యాంకులోనే గుమాస్తా పనిలో కుదిర్చిరి. కొంతకాలము చేసి, 1861లో ఆ పనిని వదలివేసి ఆయన సమాజసేవకే అంకితుడయ్యెను. నెల తిరుగగానే జీతము చేతికందు కొలువును పాతికేండ్లైన నిండని గృహస్థు విడుచుట ఎంతటి సాహసమో ఈ సంచికను చదువు మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

1862లో దేవేంద్రనాథుడు ఆయనకు బ్రహ్మానంద బిరుదమొసగి ఆచార్యపదవిలో నిలిపెను. బ్రాహ్మణేతరుడు ఆ వేదిక నధిష్ఠించుట అదియే మొదలు. ఆ ఉత్సవమునకు భార్యను తోడ్కొని పోయినందుకు ఇంటివారు ఆ దంపతులను బహిష్కరించిరి. అప్పుడు దేవేంద్రనాథుడు వారిని జోడాసాంకోలోని తన భవనమున కన్నబిడ్డలవలె ఉంచుకొనెను. తరువాతి కలహమును తలచునప్పుడు ఈ సంగతిని మరువరాదు.

1864లో కేశవుడు మదరాసు, బొంబాయి నగరములకు వెళ్లెను. ఆయన రాకతో ఆ యేడే మదరాసులో వేదసమాజము వెలసెను. బొంబాయిలో నాటిన విత్తనము 1867లో ప్రార్థనాసమాజమై మొలచెను. అంతవరకు కలకత్తాలోని కొన్ని పెద్ద కుటుంబములకు పరిమితమైయున్న ఉపాసన ఇతర భాషలవారి నోట వినబడసాగెను. ఇల్లు పెరిగినకొలది, ఇది ఎవరి ఇల్లు అను ప్రశ్నయు పెరిగెను.

ఆ ప్రశ్నను గాలివాన వచ్చి తలుపు తట్టి అడిగినట్లయ్యెను. 1864 అక్టోబరు 5వ తేదీన కలకత్తాను తాకిన తుపానుకు సమాజమందిరము దెబ్బతినగా, ఉపాసనలు దేవేంద్రనాథుని గృహమునకు మారెను. జందెము విడిచినవారే వేదికపై కూర్చుండవలెనని యువకులు అంతకుముందే పట్టుపట్టియుండిరి, మహర్షియు సమ్మతించియుండెను. కాని ఆ యింట ఒకనాడు యువకులు వచ్చి చూచునప్పటికి పాత ఉపాచార్యులు జందెములతోనే వేదికపై నుండిరి. దేవేంద్రనాథుడు తన జందెమును తానెప్పుడో తీసివేసినవాడే. ఐనను బ్రహ్మమతము హిందూధర్మపు నిర్మలరూపమనియు, త్వరపడినచో హిందూసమాజము మొగము త్రిప్పుకొనుననియు ఆయన తలచెను. ఏకేశ్వరుని బిడ్డలమందరమని పాడు వేదికపై కులచిహ్నమునకు తావెక్కడిదని కేశవుడు తలచెను. నాకు ఇద్దరి మాటయు న్యాయముగనే తోచును. బహుశా అందువలననే రాజీ కుదరలేదు.

1866 నవంబరు 11వ తేదీన కేశవుని పక్షమువారు భారతవర్షీయ బ్రహ్మసమాజమును స్థాపించిరి. పాతది ఆది బ్రహ్మసమాజమయ్యెను. క్రొత్త సమాజము హిందూ, బౌద్ధ, క్రైస్తవ, మహమ్మదీయ, పారసీక గ్రంథములనుండి వాక్యములను ఏరి శ్లోకసంగ్రహమను పారాయణగ్రంథమును సమకూర్చుకొనెను. వైష్ణవుల మృదంగసంకీర్తనలు నిరాకారోపాసనలో ప్రవేశించెను. 1869 ఆగస్టు 22వ తేదీన వారి స్వంతమందిరము తెరువబడెను.

1870లో ఆయన ఇంగ్లండునకు వెళ్లి కొన్ని మాసములు సంచరించెను. క్రైస్తవులలో త్రిత్వసిద్ధాంతము నంగీకరింపని యూనిటేరియనులు ఆయనకు ఆతిథ్యమిచ్చిరి. విక్టోరియా రాణి దర్శనమొసగెను. బ్రిస్టలులో రామమోహన రాయల సమాధిని ఆయన దర్శించెను. ఏసుక్రీస్తుపై ఆయనకున్న భక్తిని చూచి నేడో రేపో బాప్తిస్మము పొందునని అక్కడి కొందరు ఎదురుచూచిరి. ఇక్కడి కొందరు భయపడిరి. ఇరువురి తలంపును నిజము కాలేదు. తిరిగివచ్చి ఆయన చేపట్టిన పనులలో కాణీ వెలకు అమ్మిన సులభసమాచారమను వంగ వారపత్రికను ప్రత్యేకముగ పేర్కొనవలెను.

ఇక వివాహశాసనపు కథ. కాగితములతో కాలము గడపువారికి ఇది మిక్కిలి ఆసక్తికరము. బ్రహ్మసమాజీకులు విగ్రహములు, హోమములు లేకుండ చేసికొను పెండ్లిండ్లకు చట్టములో స్థానమున్నదా అను సందేహము కలుగగా, కేశవుడు ప్రభుత్వము నాశ్రయించెను. బాలికలకు వివాహయోగ్యమైన వయస్సెంతయని వైద్యులకు లేఖలు వ్రాసి అభిప్రాయములు సేకరించెను. బ్రాహ్మవివాహ శాసనమను పేరును ఆది సమాజమువారు ఆక్షేపించిరి. తామును బ్రాహ్ములమేననియు, హిందువులమును అగుదుమనియు వారి వాదము. అందుచే ప్రభుత్వము ఆ పేరును తొలగించి 1872లో మూడవ ఆక్టును చేసెను. దాని ప్రకారము వరునకు 18, వధువునకు 14 యేండ్లు నిండవలెను, కులాంతర వివాహము చెల్లును, ద్విభార్యాత్వము చెల్లదు. కాని వధూవరులు తాము హిందూ, క్రైస్తవ, యూద, మహమ్మదీయ, పారసీక, బౌద్ధ, సిక్కు, జైన మతములలో దేనికిని చెందమని వ్రాతమూలముగ ప్రకటింపవలెను. సర్వమతములును మావేయని చాటిన సమాజము, పెండ్లిపీటలపై కూర్చుండుటకు ఏ మతమును మాది కాదని సంతకము చేయవలసివచ్చెను! 1923లో దీనికి కొంత సడలింపు కలిగెను. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టములో అట్టి ప్రకటనయే లేదు.

ఆ శాసనమును సాధించిన చేతితోనే ఆయన దాని నుల్లంఘించెనన్న అపవాదు 1878లో వచ్చెను. కూచ్‌బిహారు మహారాజు నృపేంద్రనారాయణునకు కేశవుని కుమార్తె సునీతిదేవినిచ్చి మార్చి 6వ తేదీన వివాహము జరిపిరి. వరునకు 15, వధువునకు 13 యేండ్లు. మైనరు మహారాజు వ్యవహారములు చూచు ఆంగ్లాధికారులు ఈ సంబంధమునకు తొందరపెట్టిరి. సంస్థానములో ఆక్టు వర్తింపదు. కర్మకాండలో హిందూ ఆచారములు చొచ్చెను. ఇది నిశ్చితార్థము వంటిదేయనియు, దంపతులు వయస్సు వచ్చువరకు వేరుగ నుందురనియు కేశవుడు సమర్థించుకొనెను. మహారాజు వెంటనే ఇంగ్లండు వెళ్లినమాటయు నిజమే. దీనిలో భగవదాదేశము కలదని ఆయన నమ్మెను. అన్యులకు విధించిన నియమమునుండి తన యింటికి దైవాజ్ఞ పేర మినహాయింపు కోరిన నాయకుని అనుచరులు ప్రశ్నింపకుండ నుండజాలరు. ఆయన యెడల ఎంత గౌరవమున్నను ఈ విషయమున నేను ప్రశ్నించినవారి పక్షముననే నిలుతును.

శివనాథశాస్త్రి, ఆనందమోహన వసువు మున్నగువారు 1878 మే 15వ తేదీన సాధారణ బ్రహ్మసమాజమును స్థాపించిరి. ఒక్కని ఆదేశముతో గాక సభ్యుల ఓటుతో నడువవలెనని నియమావళి వ్రాసికొనిరి. ఆ యేడే రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు ప్రార్థనాసమాజమును నెలకొల్పిరి. కలకత్తాలో ఆయన పేరు వివాదమున నలుగుచున్న దినములలోనే, గోదావరీతీరమున ఆయన ఆంగ్లోపన్యాసములు చదివినవారు క్రొత్త ఉపాసనకు కూడుచుండిరి.

బలగము తరిగినను కేశవుని ఊహ తరుగలేదు. 1880, 81లలో ఆయన నవవిధానమును ప్రకటించెను. మతములన్నియు సత్యములేయని చెప్పుటతో ఆయన తృప్తిపడలేదు. ఒక్కొక్క శిష్యునకు ఒక్కొక్క మతమును జీవితవ్రతముగ నప్పగించెను. క్రైస్తవము ప్రతాపచంద్ర మజుందారునకు, హిందూశాస్త్రములు గౌరగోవింద రాయలకు, బౌద్ధము అఘోరనాథ గుప్తునకు వచ్చెను. ఇస్లాము వంతు గిరీశచంద్ర సేనునిది. ఆయన నడివయస్సున అరబ్బీ నేర్చి, ఖురానును వంగభాషలోనికి పూర్తిగ అనువదించెను. సంఖ్యలు లెక్కించువారికి నవవిధానము విఫలప్రయత్నము. ఆ యొక్క అనువాదమును చూచువారికి కాదు.

దక్షిణేశ్వరపు శ్రీరామకృష్ణుని మహిమను కలకత్తా విద్యావంతులకు తొలుత తెలిపినవి కేశవుని పత్రికలే. 1883 నవంబరులో రోగపీడితుడై యున్న కేశవుని చూచుటకు పరమహంస ఆయన యింటికి వచ్చెను. 1884 జనవరి 8వ తేదీన కేశవచంద్రుడు పరమపదించెను. అప్పటికాయనకు 45 యేండ్లు.

తరువాత శిష్యులలో తగవు పుట్టెను. ఆచార్యుడు కూర్చున్న వేదికపై మరియొకరు కూర్చుండరాదనియు, దానిని శూన్యముగ నుంచవలెననియు ప్రచారకసభవారు తీర్మానించిరి. మజుందారు అందుకు సమ్మతింపలేదు. వేదికపై ఎవరు కూర్చుండవచ్చునను వాదముతో బయలుదేరిన సమాజపు మందిరములో, ఆ వేదిక ఖాళీగ నుండెను.