ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్యగారు - చీరాల పన్ను

గుంటూరునకు చేరువనున్న నల్లపాడు 2012వ సంవత్సరమున మఱి తొమ్మిది గ్రామములతో గూడ గుంటూరు నగరపాలక సంస్థలో విలీనమయ్యెను. ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి నడుమ అంతవఱకు పంచాయతికి ఇంటిపన్ను కట్టిన గృహస్థు అటుపిమ్మట నగరమునకు కట్టవలసినవాడయ్యెను. గ్రామము పట్టణమైనపుడు పన్ను పెరుగుట వింత కాదు. దీపములు, మంచినీళ్లు, మురుగుకాలువలు ఊరక రావు. కాని ఈ మార్పు మీకు సమ్మతమేనా యని గ్రామస్థు నడిగిన వారెవరు, వసూలైన సొమ్ము ఏ వీథిలో వ్యయమగును అను రెండు ప్రశ్నలు ప్రతి విలీనముతోను మరల లేచుచుండును. ఈ ప్రశ్నలకై ఒక పట్టణమునే ఖాళీ చేయించిన మహనీయుడు గుంటూరులో చదువుకొన్నవాడే.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను గోలుపోయి బంధువుల పోషణలో పెరిగిరి. బాపట్ల తాలూకా కచేరీలో కొలది కాలము గుమాస్తాగిరి చేసిరి. 1911లో సీమకు పోయి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము నందిరి. ఆనంద కుమారస్వామిగారితో గలిసి అభినయదర్పణమును ఆంగ్లమున వెలయించిరి. స్వదేశమునకు మరలినపిమ్మట రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలలోను ఉపాధ్యాయులైరి గాని ఎచ్చటను కుదురుకొనలేదు. ఒకరి అదుపులో నుండు స్వభావము వారిది కాదు. తుదకు చీరాల చేరి, కాషాయ వస్త్రములు, రుద్రాక్షలు ధరించిన స్వచ్ఛందసేవకులతో రామదండును నిలిపిరి. 1921లో బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు అంత జనసమ్మర్దమును చక్కబెట్టినది ఈ దండే.

చీరాల పేరాలలు అప్పుడు గుంటూరు జిల్లాలోనివి. జనసంఖ్య సుమారు 15 వేలు, నేతవారు విస్తారము. యూనియనుగా నున్నంతకాలము ఏటి పన్ను 4 వేల రూపాయలు మాత్రమే. ప్రభుత్వము దానిని పురపాలక సంఘముగా మార్చినంతనే పన్ను 40 వేలకు చేరెను. లెక్క వేసి చూడుడు: తలకు నాలుగణాలుండినది రెండున్నర రూపాయలు దాటెను. ఐదుగురున్న నేత కుటుంబమునకు పదమూడు రూపాయలు! ప్రజల విన్నపములు చెత్తబుట్ట పాలయ్యెను. స్థానిక స్వపరిపాలన శాఖ 1920 డిసెంబరు నుండి తెలుగువారైన పానగల్లు రాజాగారి చేతిలోనే యుండెను. శాఖ పేరు స్వపరిపాలనయే, పరిపాలింపబడువారి సమ్మతి మాత్రము దానికి అక్కఱలేకపోయెను. 1921 జనవరి నుండి జనులు పన్ను చెల్లించుట మానిరి. పలువురు చెరసాలకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు నుండెను.

ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు విచ్చేసి రెండు మార్గములు చూపెను. ఊరిలోనే యుండి పన్ను నిరాకరించి శిక్ష లనుభవించుట ఒకటి. పురపాలక సంఘపు పొలిమేర దాటి వెడలిపోవుట రెండవది. రెండవదాని నెంచుకొన్నచో కాంగ్రెసునుండి ధనసహాయ మాశింపరాదని ఆయన ముందుగనే హెచ్చరించెను. గోపాలకృష్ణయ్యగారు రెండవదానినే పట్టిరి. ఏప్రిల్ 25వ తేదీన వలస మొదలయ్యెను. 13 వేలకు పైగా జనులు మండుటెండలో ఇండ్లు విడిచి, పొలిమేర కావల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడిరి. వర్తకుడు సరకు మోసికొని పోవచ్చును. మగ్గపుగుంటను మోసికొని పోవుటెట్లు? నేతవారు ఇసుకనేలలో మరల త్రవ్వుకొనవలసినదే. అచ్చట గోపాలకృష్ణయ్యగారు కులములవారీగా ప్రతినిధుల నేర్పరచి మండలిని నెలకొల్పిరి, తగవులు తీర్చుటకు న్యాయస్థానమును పెట్టిరి. పన్ను వలదన్నవారు పరిపాలనయే వలదనలేదు.

ఐనను నిజము చెప్పవలెను. గాంధీగారి హెచ్చరిక వట్టిది కాలేదు. పదునొకండు నెలల కాపురమున జనులు కోల్పోయిన రాబడి ఆ పన్నుకంటె మిక్కిలి యెక్కువయై యుండును. నాయకునికి వాగ్ధాటి యుండెను, గానము, హాస్యము నుండెను. బొక్కసము మాత్రము లేదు. అంత జనమును బయలున నిలుపుటకు ముందు గ్రాసపు లెక్క వేయవలసియుండెనని మా యభిప్రాయము. ఇంతలో బరంపురమున నిషేధాజ్ఞను మీఱి ప్రసంగించినందులకు వారిని నిర్బంధించి, ఏడాది శిక్ష విధించి తిరుచినాపల్లి చెరకు పంపిరి. దిక్కులేని జనము 1922లో ఇండ్లకు మరలి, పురపాలక సంఘమునకు లోబడిరి.

చెరనుండి వెలువడిన పిమ్మట గోపాలకృష్ణయ్యగారిని దారిద్ర్యమును క్షయరోగమును వెన్నాడెను. 1928 జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిదేండ్లు నిండిన ఎనిమిదవ నాడు, వారు కన్నుమూసిరి. చీరాల 1970లో ప్రకాశము జిల్లాకును, 2022లో బాపట్ల జిల్లాకును మారెను. ఈ మార్పులకై యెవరును ఊరు విడిచి పోలేదు.