చేతికళలకు చలువపందిరి: శ్రీమతి కమలాదేవీ చట్టోపాధ్యాయ

కలంకారీ వస్త్రమంటే ఏమిటో మన ఇండ్లలో వివరించి చెప్పవలసిన పనిలేదు. శ్రీకాళహస్తి పేరు వినగానే వాయులింగంతోపాటు ఆ వ్రాతపని కూడా మనసులో మెదులుతుంది. అయితే స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ కళ కొడిగట్టిన దీపంలా ఉండేదనీ, దానికి మళ్లీ చమురు పోసినవారిలో ముఖ్యురాలు తెలుగు నేలపై పుట్టని ఒక వనిత అనీ మనలో చాలామందికి తెలియదు. ఆమె శ్రీమతి కమలాదేవీ చట్టోపాధ్యాయ. ఉప్పు సత్యాగ్రహ వీరనారిగా పాఠ్యపుస్తకాలలో ఒకటి రెండు వాక్యాలకు పరిమితమైన ఆమె జీవితంలో అంతకంటె దీర్ఘమైన అధ్యాయం వేరే ఉన్నది. కళాకారుల కోసం సంఘాలను నిర్మించి, అవి తమ కాళ్లపై నిలబడేవరకు కాపాడిన అధ్యాయం అది.

కమలాదేవి 1903 ఏప్రిల్ 3వ తేదీన మంగళూరులో ఒక సంపన్న సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ ఉన్నత ప్రభుత్వోద్యోగి. తల్లి గిరిజాబాయి చదువన్నా, సంగీత సాహిత్యాలన్నా మక్కువ గల విదుషి. కమలాదేవికి ఏడేండ్ల వయసులో తండ్రి గతించారు. ఆయన వీలునామా వ్రాయలేదు. ఆనాటి చట్టం ప్రకారం యావదాస్తి ఆయన మొదటి భార్య కుమారునికి సంక్రమించింది. గిరిజాబాయికి మిగిలింది నెలనెలా విదిలించే మనోవర్తి మాత్రమే. ఆ ఇల్లాలు దానిని నిరాకరించి, పుట్టింటివారిచ్చిన దానితోనే కూతురిని పెంచుకున్నారు. ఒక కుటుంబంలో నిన్నటివరకు యజమానురాలిగా ఉన్న స్త్రీ ఒక్కరోజులో పరాధీన కావడం ఆ పసి మనసు దగ్గరనుంచి చూసింది. చేతిలో పని, ఆ పనికి తగిన ప్రతిఫలం, దానిపై తనకే హక్కు ఈ మూడూ లేని మనిషికి గౌరవం నిలవదన్న ఆమె నమ్మకానికి బీజం ఇక్కడే పడిందని నేను భావిస్తాను.

పద్నాలుగవ ఏట వివాహం, ఆ వెంటనే వైధవ్యం. అయినా చదువు ఆగలేదు. మన మద్రాసు నగరంలోని క్వీన్ మేరీస్ కళాశాలలో చేరిన ఆమెకు సహాధ్యాయిని సుహాసిని ద్వారా ఆమె అన్నగారు హరీంద్రనాథ చట్టోపాధ్యాయ పరిచయమయ్యారు. వీరిద్దరూ హైదరాబాదులో స్థిరపడిన అఘోరనాథ చట్టోపాధ్యాయుల సంతానం. సరోజినీ నాయుడుగారికి తోబుట్టువులు. విధవా వివాహాన్ని సంఘం హర్షించని రోజులలో, అందునా వేరొక ప్రాంతపు, వేరొక భాష వానిని కమలాదేవి పెండ్లాడటం పెద్ద దుమారమే లేపింది. ఇద్దరూ కలిసి నాటకాలాడారు, దేశాలు తిరిగారు. ఒక కుమారుడు కలిగాడు. ఆ దాంపత్యం చివరివరకు నిలవలేదు. విడాకులు తీసుకోవడంలో సైతం ఆమె లోకాపవాదానికి వెరవలేదు.

రాజకీయ జీవితాన్ని గురించి ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను. 1926లో మద్రాసు శాసనమండలికి పోటీచేసి అతి స్వల్పమైన ఓట్ల తేడాతో ఓడిపోయారు. మన దేశంలో చట్టసభకు పోటీచేసిన తొలి మహిళలలో ఆమె ఒకరు. 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పడినప్పుడు కార్యదర్శిగా దేశమంతటా శాఖలు నెలకొల్పారు. 1930లో ఉప్పు సత్యాగ్రహానికి స్త్రీలను దూరంగా ఉంచాలనుకున్న గాంధీజీని స్వయంగా కలిసి వాదించి ఒప్పించారు. బొంబాయిలో ఉప్పు పొట్లాలు కట్టి, షేర్ల బజారులోకి వెళ్లి అమ్మి, జైలుకు వెళ్లారు. సోషలిస్టుల ముందు వరుసలో ఆమె నిలిచారు. ఇంతటి చరిత్ర గల వ్యక్తికి స్వతంత్ర భారతంలో మంత్రి పదవో రాయబార పదవో దక్కడం కష్టం కాదు. ఆమె ఆ దారి పట్టలేదు.

దేశ విభజనతో ఢిల్లీకి కాందిశీకులు వెల్లువలా వచ్చారు. గుడారాలలో పడి ఉన్నవారికి అన్నసత్రాలతో సరిపెట్టరాదనీ, వారు సహకార సంఘాలుగా ఏర్పడి తమ బ్రతుకు తామే కట్టుకోవాలనీ కమలాదేవి సంకల్పం. ఆ ఆలోచనతో గాంధీజీ వద్దకు వెళ్లగా ఆయన ఆశీర్వదించారు, కాని ఒక షరతు పెట్టారు. ప్రభుత్వ సహాయం కోసం చేయి చాచరాదన్నదే ఆ షరతు. తరువాతి నలభై ఏండ్లలో ఆమె చేసిన ప్రతి పనిలోనూ ఈ షరతుతో పెనుగులాట కనిపిస్తుంది. ప్రభుత్వం లేకుండా పెద్ద పని సాగదు. ప్రభుత్వం చేతిలోకి పూర్తిగా పోతే పని ప్రాణం పోతుంది. ఈ రెంటి నడుమ దారి వెదకడమే ఆమె సాధన.

1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ ఆవిర్భవించింది. ఢిల్లీ సమీపంలోని ఛతర్‌పూర్‌లో కాందిశీకులు కలిసి సేద్యం చేసుకునే సంఘంతో పని ప్రారంభమైంది. వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి వచ్చిన సుమారు 50,000 మందికి ఫరీదాబాద్‌లో ఒక పట్టణమే లేచింది. అక్కడి నిర్మాణపు పనిలో కూలి సొమ్ము గుత్తేదారుల పాలు కాకుండా, ఆ ఊరిలో ఉండబోయేవారికే దక్కాలని ఆమె, ఆమె సహచరులు పట్టుబట్టారు. ఆ కాందిశీకులలో కుట్టుపని, అల్లికపని, చేనేత ఎరిగినవారెందరో ఉండేవారు. వారి చేతిపనులు అమ్మిపెట్టవలసిన అవసరమే ఆమెను కళల వైపు పూర్తిగా మళ్లించింది. ఢిల్లీలోని కేంద్ర కుటీర పరిశ్రమల విక్రయశాల నిర్వహణను 1950ల ఆరంభంలో ప్రభుత్వం ఈ యూనియన్‌కే అప్పగించింది. లాభాపేక్ష లేని సంఘం ఒకటి అంగడిని నడిపి, కొనేవారి మెప్పు పొందగలదని అక్కడ రుజువైంది.

1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడినప్పుడు దాని అధ్యక్షత ఆమెను వరించింది. ఇక ఆమె కాలు నిలువలేదు. రైలులో, జీపులో, దారి లేనిచోట కాలినడకన ఊరూరా తిరిగారు. కుమ్మరి సారె ముందు, నేతగాని మగ్గం ప్రక్క, కంచరి కొలిమి ఎదుట నేలపై కూర్చుని గంటల తరబడి పని చూసేవారు. ఆమె అడిగే ప్రశ్నలు నాలుగే: ఈ పని ఎవరు నేర్పారు, ఇప్పుడు ఎవరు నేర్చుకుంటున్నారు, ముడిసరుకు ఎక్కడిది, చేతికి ఎంత వస్తుంది? వస్తుప్రదర్శనశాలలో అద్దాల బీరువాలో పెట్టినంత మాత్రాన కళ బ్రతికినట్లు కాదని ఆమె నిశ్చితాభిప్రాయం. చేసేవాని కొడుకు ఆ పని నేర్చుకోవడానికి ఇష్టపడితేనే అది బ్రతికినట్లు.

శ్రీకాళహస్తి సంగతికి వస్తాను. అక్కడి కలంకారీ దేవాలయాల ఆశ్రయంలో పెరిగిన కళ. రామాయణ భారత గాథలను గళ్లు గళ్లుగా చిత్రించి, ఆ గళ్ల క్రింద తెలుగు అక్షరాలలో కథ వ్రాసిన పెద్ద పెద్ద తెరలను ఉత్సవ సమయాలలో ఆలయాలలో కట్టేవారు. చదువు రానివారు బొమ్మను చూసి, చదువు వచ్చినవారు అక్షరాన్ని చూసి కథ తెలుసుకునేవారు. జమీందారుల ప్రాపు పోయింది. మరలపై నేసిన గుడ్డ, సీమ రంగులు వచ్చాయి. ఆలయాలు కొత్త తెరలు వ్రాయించడం మానుకున్నాయి. చిత్రకారుల కుటుంబాలు వేరే పనులలోకి పోసాగాయి.

ఆ పని ఎంత ఓపిక కోరుతుందో తెలిస్తేనే ఆ నష్టం ఎంతటిదో అర్థమవుతుంది. ముందుగా నూలు గుడ్డను పేడనీటిలో నానబెట్టి, ఉతికి తెల్లబరచాలి. తరువాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెట్టాలి. పాలలోని జిడ్డు రంగును చెదరనివ్వదు. కరక్కాయ వగరు నలుపును పట్టి ఉంచుతుంది. కాల్చిన చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీసుకోవాలి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో రోజుల తరబడి ఊరబెట్టగా వచ్చే ద్రవమే నలుపు సిరా. వెదురుపుల్ల కొనను చెక్కి, పైన గుడ్డో ఉన్నియో చుట్టి దారంతో బిగిస్తే కలం. రేఖను దానితో ఒకేసారి తడబడకుండా లాగాలి. తుడిచి దిద్దుకునే అవకాశం ఉండదు. ఎరుపు రావలసిన చోట పటికనీరు పూసి, ఏటినీటిలో జాడించి, మంజిష్ఠ వంటి వేళ్లు, చెక్కలు వేసి మరిగించాలి. పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టుకుంటుంది. మళ్లీ ఉతకాలి, మళ్లీ ఎండబెట్టాలి. పసుపుకు, నీలికి మరల వేరువేరుగా ఇంత తతంగమూ ఉన్నది. ఏ పుస్తకంలోనూ కొలతలు లేని విద్య ఇది. నేర్పేవాడు పోతే దానితోపాటు పోయేదే.

మండలి పక్షాన శ్రీకాళహస్తిలో 1957 ప్రాంతంలో కలంకారీ శిక్షణ కేంద్రం వెలసింది. మిగిలి ఉన్న పెద్దలలో ఒకరైన జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అక్కడ పిల్లలకు కలం పట్టడం నేర్పారు. ఆ కేంద్రం ఏటా తయారుచేసినది కొద్దిమంది శిష్యులనే. ఆ కొద్దిమంది ఇండ్లలోనే తిరిగి గురుకులాలు వెలిశాయి. లక్ష్మయ్యగారి కుమారుడు గురప్ప చెట్టిగారిని 2008లో పద్మశ్రీ వరించింది. నేడు శ్రీకాళహస్తి వీధులలో ఆడవారు సైతం కలం పట్టి జీవనోపాధి పొందుతున్నారు.

జైపూరు నీలి కుండలపనికీ ఇదే గతి పట్టబోయింది. శాంతినికేతనంలో చిత్రకళ అభ్యసించిన కృపాల్ సింగ్ షెఖావత్‌ను ఆ వైపు ప్రోత్సహించినవారిలో కమలాదేవి ఒకరు. చిత్రకారుడు కుండపై వ్రాస్తే చిన్నతనమన్న భావాన్ని ఆమె అంగీకరించలేదు. కాన్వాసుపై గీసినవాడు కళాకారుడు, గుడ్డపై గీసినవాడు పనివాడు అన్న తేడా మనకు పరాయి పాలనలో అబ్బిన జాడ్యమని ఆమె అనేక పర్యాయాలు వ్రాశారు. 1965 నుంచి చేతిపని నిపుణులకు జాతీయ పురస్కారాలు రావడం వెనుక ఆమె పట్టుదల ఉన్నది. అంతకుముందు వస్తువుకే గాని చేసినవానికి పేరు లేదు.

ఈ కృషిలో ఒక చిక్కు లేకపోలేదు. అంగడి కోసం చేసినప్పుడు కళ అంగడికి తగినట్లు మారుతుంది. ఆలయపు తెర మీది రామపట్టాభిషేకం దుప్పటిగా, బల్లమీది గుడ్డగా, చివరకు చేతిసంచిగా మారింది. కథ తగ్గింది, లతలు, నెమళ్లు పెరిగాయి. ఎంతోమంది కొనుగోలుదారులు అచ్చు అద్దకాన్ని చూసి చేతివ్రాత అనుకుంటున్నారు. పూర్వపు గాంభీర్యం పోయిందని బాధపడేవారి మాటలో నిజం ఉన్నది. కాని తెర కొనేవారు లేనప్పుడు చీరైనా వ్రాసుకుని బ్రతికిన చేయి, అడిగినవారు దొరికిన నాడు మళ్లీ తెర వ్రాయగలదు. పని మానిన చేయి వ్రాయలేదు. కమలాదేవి తీసుకున్న నిర్ణయం సరైనదనే నా అభిప్రాయం.

మన నగరానికి ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం కలదు. ప్రభుత్వ మండలికి తాను అధ్యక్షురాలై ఉండగానే, ప్రభుత్వేతరంగా ఒక స్వచ్ఛంద సంస్థ ఉండితీరాలని ఆమె నిశ్చయించారు. ఆ ప్రకారం 1964లో మద్రాసులో భారత హస్తకళల పరిషత్తు స్థాపితమైంది. అదే సంవత్సరం న్యూయార్కులో ప్రపంచ హస్తకళల పరిషత్తు అవతరించినప్పుడు వ్యవస్థాపకులలో ఆమె ఒకరు. మద్రాసు పరిషత్తులో జీతం లేకుండా పనిచేసినవారిలో గృహిణులు అనేకులు. నేతగాండ్రకు, కుమ్మరులకు ముడిసరుకు సమకూర్చడం, మధ్యవర్తి లేకుండా అమ్మకాలు ఏర్పాటు చేయడం, వృద్ధ కళాకారులను ఆదుకోవడం వారి పని. హైదరాబాదు మొదలుకొని పలు రాష్ట్రాలలో శాఖలు ఏర్పడ్డాయి. కమలాదేవి ఎంతకాలం తానే ఉండాలన్న తాపత్రయం లేకుండా, పనికి తగినవారిని వెదకి, వారికి అప్పగించి ముందుకు సాగిపోయేవారు. తాను పెట్టిన సంస్థలలో తన కుర్చీ పదిలంగా ఉంచుకునే పెద్దలను చూసి అలవాటుపడిన మనకు ఇది వింతగా తోచవచ్చు.

బడి పిల్లల విషయంలో కూడా ఆమెకు స్థిరమైన అభిప్రాయం ఉండేది. చేతితో ఒక వస్తువును చేయడం ఎరుగని చదువు సగం చదువేనని ఆమె దృష్టి. పరీక్షలు దగ్గరపడగానే చేతిపని పీరియడును గణితానికి ఇచ్చివేసే ఆచారం బడులన్నిటా ఉన్నదే. ఉపాధ్యాయురాలిగా నేనూ ఆ తప్పు చేసినదానినే.

1955లో పద్మభూషణ్, 1966లో రామన్ మెగసెసే పురస్కారం, 1987లో పద్మవిభూషణ్ ఆమెను వెదుక్కుంటూ వచ్చాయి. 1986లో ఆత్మకథను వెలువరించారు. అందులో తనను గురించి కంటె తాను కలిసిన మనుషులను గురించే ఎక్కువ ఉన్నది. ఎనభై దాటిన వయసులోనూ చేనేత చీర, పెద్ద కుంకుమబొట్టు, గిరిజన స్త్రీలు చేసిన ఆభరణాలతో ఊళ్లు తిరుగుతూనే ఉన్నారు. 1988 అక్టోబరు 29వ తేదీన బొంబాయిలో కన్నుమూశారు.

ఆమె నడిపిన ఢిల్లీ విక్రయశాల 1976లో ప్రభుత్వ కార్పొరేషన్‌గా మారింది. ఆమె తొలి అధ్యక్షురాలైన అఖిల భారత హస్తకళల మండలిని 2020 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం రద్దు చేసింది. మద్రాసులో 1964లో మొదలైన స్వచ్ఛంద పరిషత్తు మాత్రం ఇప్పటికీ మన చెన్నైలోనే పనిచేస్తున్నది. దాని అమ్మకశాలకు పెట్టిన పేరు కమల.