దొంగ కుర్రాడి చేతికి డబ్బిచ్చిన మాస్టారు

ఉక్రెయిన్‌లోని పోల్టావా పట్టణానికి ఆరు కిలోమీటర్ల దూరంలో, పైన్ చెట్ల అడవి మధ్య కొన్ని పాడుబడ్డ భవనాలు ఉండేవి. చుట్టుపక్కల జనం వాటి తలుపులూ కిటికీలూ కూడా ఊడబెరుక్కుపోయారు. 1920లో విద్యాశాఖ వాటిని అంతోన్ మకరెంకో అనే ముప్పై రెండేళ్ల ఉపాధ్యాయుడికి అప్పగించింది. యుద్ధాలూ ఆకలీ వీధిన పడేసిన పిల్లల్లో నేరాలు చేసి పట్టుబడ్డవాళ్లను అక్కడే ఉంచి దారిలో పెట్టాలి.

రైల్వే వర్క్‌షాపులో రంగులు వేసే కార్మికుడి కొడుకు మకరెంకో. పదిహేడేళ్లకే పంతులయ్యారు. డిసెంబరులో మొదటి ఆరుగురు వచ్చారు. ఆయన, ఇద్దరు ఉపాధ్యాయినులు ఎంత చెప్పినా వాళ్లు పుల్ల ముట్టలేదు. కట్టెలు కొట్టమన్న రోజున ఒకడు ఎదురు మాట్లాడితే మకరెంకో చెంప పగలగొట్టారు. ఆ తర్వాత వాళ్ల చేతికి గొడ్డళ్లిచ్చి, తానూ వెంట అడవికి వెళ్లారు. ఈ సంగతిని ఆయనే తన పుస్తకంలో దాచకుండా రాశారు. దీన్ని పద్ధతిగా ఎవరికీ సిఫారసు చేయలేదు. ఆ చెంపదెబ్బ ఒక్కటే గుర్తుపెట్టుకునే వాళ్లు మా ఉపాధ్యాయుల్లోనూ ఉన్నారు, అందుకే చెబుతున్నాం.

మేము గుర్తుపెట్టుకోవలసింది ఆ తర్వాతి కథ. పిల్లల పాత నేరాల కాగితాలను ఆయన పట్టించుకోవడం మానేశారు. దొంగచాటుగా చెట్లు నరికేవాళ్ల నుంచి సర్కారు అడవిని కాపాడే పని ఈ దొంగ పిల్లలకే ఇచ్చారు. రాత్రుళ్లు కాపలా తిరుగుతుంటే వాళ్లకు తమ మీద తమకే గౌరవం పుట్టింది. సగం పూట చదువు, సగం పూట పొలం, పశువులు, కమ్మరి కొలిమి. పిల్లల్లోంచే వంతులవారీగా నాయకులు.

కరబానోవ్ అనే కుర్రాణ్ణి జైలు నుంచి తీసుకొచ్చేటప్పుడు, మనిషిని అప్పగించుకున్నట్టు రశీదు మీద సంతకం పెట్టాలి. అది చూస్తే వాడు చిన్నబోతాడని కాసేపు బయటికి పంపారు. కొన్నాళ్లకు వాణ్ణే గుర్రమిచ్చి పట్నం నుంచి 500 రూబుళ్లు తెమ్మన్నారు. తెచ్చిన సొమ్మును లెక్కపెట్టకుండా సొరుగులో వేశారు. తర్వాత 2000 తెమ్మన్నారు. తీసుకుని పారిపోతే ఏం చేస్తారని కుర్రాడే అడిగాడట. పిచ్చి ప్రశ్నలు మానమని కసిరారు. సొమ్ము వచ్చింది.

1926లో దాదాపు 120 మంది పిల్లలతో ఖార్కివ్ దగ్గరి కుర్యాజ్ మఠానికి మారారు. అక్కడ అప్పటికే ఆలనాపాలనా లేని 280 మంది ఉన్నారు. మార్చింది ఉపన్యాసాలు కాదు, ఈ పాత పిల్లల నడత. అయినా పైఅధికారులకు ఆయన క్రమశిక్షణ సైనిక కవాతులా కనిపించింది. ఆ విమర్శలో కొంత నిజం ఉందనే మాకూ అనిపిస్తుంది. 1928లో ఆ కాలనీని వదులుకోవలసి వచ్చింది. తర్వాత ఆయన నడిపిన కమ్యూన్‌లో పిల్లలు కెమెరాలు తయారుచేశారు.

1939 ఏప్రిల్ 1న రైల్లో గుండె ఆగి మకరెంకో కన్నుమూశారు. పుస్తకంలో కరబానోవ్ పేరుతో కనిపించే కుర్రాడి అసలు పేరు సెమ్యోన్ కలబాలిన్. పెద్దయ్యాక అతనూ ఉపాధ్యాయుడై, అనాథ పిల్లల గృహాలు నడిపాడు.