ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్: తెరపై తొలి నిమిషాలు

1926వ సంవత్సరంలో లండన్ నగరంలో ఒక మూకీ చిత్రం సిద్ధమయింది. దానిని చూసిన పంపిణీదారు సి. ఎమ్. వూల్ఫ్ పెదవి విరిచాడు. కళాడంబరం హెచ్చయిందనీ, సామాన్య ప్రేక్షకుడు దీనిని సహించడనీ తలచి విడుదల నిలిపివేశాడు. దర్శకునికి అప్పటికి 27 ఏండ్లు. అంతకు పూర్వం అతడు తీసిన రెండు చిత్రాలు కూడా ఇంకా జనసామాన్యం ఎదుటికి రాలేదు. ఆ సంవత్సరాంతంలో వివాహం కావలసి ఉంది. మూడవ చిత్రం కూడా డబ్బాలలోనే మురిగిపోయి ఉంటే ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ అనే పేరు ఏ కొద్దిమంది చరిత్రకారులకో తప్ప తెలిసి ఉండేది కాదు.

హిచ్‌కాక్ 1899 ఆగస్టు 13న లండన్ శివార్లలోని లేటన్‌స్టోన్‌లో జన్మించాడు. తండ్రి విలియం కూరగాయల వ్యాపారి. పసితనంలో ఏదో అల్లరి చేసినందుకు తండ్రి ఒక చీటీ రాసి ఇచ్చి తనను పోలీసు ఠాణాకు పంపాడనీ, అక్కడి అధికారి ఆ చీటీ చదువుకొని కొద్ది నిమిషాలు తనను కొట్టులో పెట్టి తాళం వేశాడనీ హిచ్‌కాక్ జీవితాంతం చెప్పుకొనేవాడు. పోలీసులన్నా, చేయని నేరానికి శిక్ష అనుభవించడమన్నా ఆయన చిత్రాలలో కనిపించే బెదురుకు ఈ కథ మూలమని పలువురు రాశారు. జెస్యూటు మతగురువుల పాఠశాలలో చదువు సాగింది. 1914లో తండ్రి మరణించాడు. కుర్రవాడు హెన్లీ అనే తంతితీగల కంపెనీలో గుమాస్తాగా కుదిరి, క్రమంగా ప్రకటనలకు బొమ్మలు వేసే శాఖలోకి మారాడు.

ఆ బొమ్మల నేర్పే ఆయనను చలనచిత్రరంగానికి చేర్చింది. మూకీ చిత్రాలలో సంభాషణలను అక్షరాలతో చూపే పలకలు ఉండేవి. అమెరికా వారి ఫేమస్ ప్లేయర్స్ సంస్థ లండన్‌లోని ఇజ్లింగ్టన్‌లో స్టూడియో తెరచినప్పుడు హిచ్‌కాక్ ఆ పలకలకు అక్షరాలు, అలంకారాలు గీసే పనికి కుదిరాడు. పిమ్మట రంగాలంకరణ, కథాసంవిధానం, సహాయ దర్శకత్వం అన్నీ చేశాడు. పని చేస్తూ నేర్చిన విద్యయే తప్ప, చలనచిత్రకళను బోధించే కళాశాల ఏదీ ఆయనకు లభించలేదు. ఆ స్టూడియోలోనే కూర్పరిగా పనిచేస్తూ వచ్చిన ఆల్మా రెవిల్‌తో పరిచయమయింది. ఆమె ఆయన కంటె ఒక్క రోజు చిన్నది.

1924లో ఒక చిత్రం పనిమీద ఆయన జర్మనీలోని బాబెల్స్‌బర్గ్ స్టూడియోకు వెళ్ళాడు. అక్కడ ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ చిత్రం తీస్తున్నాడు. రైలుస్టేషను దృశ్యానికి ముందు వైపు నిజమైన పెట్టెను నిలిపి, వెనుక పోను పోను చిన్నవైన నమూనా పెట్టెలను పేర్చి, కెమేరా కంటికి అది సుదీర్ఘమైన రైలుగా కనిపించేటట్లు చేయడం హిచ్‌కాక్ కళ్ళారా చూశాడు. తెరమీద ఏది కనిపిస్తే అదే నిజమనీ, కెమేరా వెనుక ఎంత ఉన్నా లేకున్నా ఒక్కటేననీ ఆయనకు అక్కడ బోధపడింది. నీడలు, మెట్లు, మంచు, సగం కప్పిన ముఖాలు – భయానకరసాన్ని పోషించే జర్మనుల సామగ్రిని కూడా ఆయన వెంట తెచ్చుకొన్నాడు.

వూల్ఫ్ నిలిపివేసిన 'ది లాడ్జర్' ఈ సామగ్రితోనే తయారయింది. ఇంటిలో గది అద్దెకు పుచ్చుకొన్న మనిషి అని ఆ పేరుకు అర్థం. మేరీ బెల్లాక్ లౌండ్స్ 1913లో ప్రచురించిన నవల దానికి ఆధారం. మన కావ్యాలకు ఆశీస్సు, నమస్క్రియ, వస్తునిర్దేశం అని మూడు విధాల ఆరంభాలు చెప్పారు. హిచ్‌కాక్ మొదటి రెంటినీ విడిచి సూటిగా మూడవదాన్ని పట్టుకొన్నాడు. తెర వెలగగానే కనిపించేది అరుస్తున్న ఒక స్త్రీ ముఖం. మూకీ చిత్రం గనుక ఆ అరుపు వినబడదు. బంగారు వన్నె జుట్టు వెలుగులు చిమ్మేటట్లు ఆమె తలను గాజుపలకపై ఆనించి క్రిందినుండి దీపం పెట్టారు. చంపినవాడు కనిపించడు. తరువాత ఆరుతూ వెలుగుతూ ఒక నాటకశాల దీపాల ప్రకటన, నదీతీరాన మృతదేహం, మూగిన జనం. అక్కడి నుండి ఆ వార్త టెలిఫోనులోకి, అచ్చుయంత్రాలలోకి, పత్రికలు మోసే బండ్లలోకి, రేడియో వినేవారి ముఖాలలోకి పాకిపోతుంది. కొన్ని నిమిషాలలో ఒక నగరమంతా భయపడింది. కథానాయకుడు మాత్రం ఇంకా రానేలేదు.

అతడు వచ్చే తీరు మరొక పాఠం. ఆ యింటిలో మీటరులో నాణెం వేస్తేనే గ్యాసు దీపాలు వెలుగుతాయి. నాణెం విలువ తీరిపోయి దీపాలు మసకబారుతున్న సమయంలో తలుపు చప్పుడవుతుంది. తెరిస్తే మంచులో నిలిచిన ఒక మనిషి, ముక్కు వరకు కండువా. ఇల్లాలికి అతడిని అనుమానించడానికి సాక్ష్యమేమీ లేదు. ప్రేక్షకునికి మాత్రం సకల సాక్ష్యాలూ దొరికినట్లుంటుంది. పై అంతస్తులో అతడు పచారు చేయడం చూపడానికి దళసరి గాజుతో నేల కట్టించి, క్రిందినుండి పాదాలను చిత్రించారు. శబ్దం లేని చిత్రంలో అడుగుల చప్పుడును కంటికి వినిపించిన యుక్తి అది.

ఇంగ్లండులో ఉన్నత పాఠశాల స్థాయి మాధ్యమ విద్యార్థులకు, ఒక కల్పిత చిత్రానికి రెండు నిమిషాలు మించని ప్రారంభ భాగాన్ని స్వయంగా తీయడం ఇటీవలి దశాబ్దాలలో పరీక్షాంశంగా ఉండేది. భయానక చిత్రాన్ని ఎన్నుకొన్నవారికి పనికివచ్చే సరుకులు నేటికీ అవే: ఒంటరి స్త్రీ, మసకదీపం, మెట్లు, ముఖం కనిపించని ఆగంతకుడు, అడుగులు. అరువు తెచ్చుకోవడంలో తప్పు లేదు. హిచ్‌కాకూ అరువే తెచ్చాడు. అయితే ఆయన మంచును కేవలం మంచుగా వాడలేదు. పొరుగువానిని పోల్చుకోలేని ఊరిగా వాడాడు. అనుకరణకూ వినియోగానికీ గల తేడా ఆ మాత్రమే.

నిర్మాత మైకేల్ బాల్కన్ చిత్రాన్ని సరిదిద్దే పనికి ఐవర్ మాంటేగు అనే యువకుని పిలిచాడు. అతడు చిత్రం విలువ గుర్తించి, అక్షరాల పలకలను బాగా తగ్గించి, కొన్ని దృశ్యాలను తిరిగి తీయమని సూచించాడు. అక్షరాలు గీసి వృత్తిలో ప్రవేశించినవాని చిత్రం అక్షరాలు తీసివేయడం వలన బ్రతికింది! 1926 సెప్టెంబరులో వ్యాపారుల ఎదుట, 1927లో ప్రజల ఎదుట ప్రదర్శితమై జయభేరి మ్రోగించింది. ఒక్క చోట మాత్రం దర్శకుడు తల వంచవలసి వచ్చింది. ముఖ్యపాత్రధారి ఐవర్ నొవెల్లో జనం ఆరాధించే నటుడు. అట్టివాడు హంతకుడు కారాదు. కథ చివర అతడు నిర్దోషిగా తేలాడు.

1926 డిసెంబరు 2న ఆల్మాతో వివాహం జరిగింది. 1929లో 'బ్లాక్‌మెయిల్'తో టాకీలలో ప్రవేశించి, 1939లో అమెరికాకు వెళ్ళాడు. అక్కడ తీసిన మొదటి చిత్రం 'రెబెకా'కు 1940వ సంవత్సరపు ఉత్తమచిత్రంగా ఆస్కారు లభించింది. దర్శకునిగా ఐదుసార్లు ఆయన పేరు ప్రతిపాదనకు వచ్చినా ఆ బహుమతి ఒక్కసారీ రాలేదు.

నొవెల్లో విషయంలో వంగిన తల 1960లో పైకి లేచింది. రాబర్ట్ బ్లాక్ నవల 'సైకో'ను చిత్రంగా తీయడానికి పారమౌంటు వారు ఇష్టపడలేదు. హిచ్‌కాక్ తన పారితోషికానికి బదులు చిత్రంలో వాటా తీసుకొని, టెలివిజను ధారావాహికకు పనిచేసే సిబ్బందితో, సుమారు 8 లక్షల డాలర్ల వ్యయంతో, రంగులు లేకుండా దానిని పూర్తిచేశాడు. దాని ఆరంభం లాడ్జరుకు పూర్తిగా విరుద్ధం. పేర్లు చూపే వేళ సాల్ బాస్ గీతలు చీలుతూ కదలుతాయి. బెర్నార్డ్ హెర్మన్ తంత్రీవాద్యాలు మాత్రమే హడలెత్తిస్తాయి. అంతే వస్తునిర్దేశం. పిమ్మట మంచు లేదు, రాత్రి లేదు. అరిజోనాలోని ఫీనిక్స్ నగరం, పట్టపగలు. తేదీ, గంటలు, నిమిషాలు సైతం తెరపై అక్షరాలతో కనిపిస్తాయి. కెమేరా మేడల మీదుగా వచ్చి సగం దించిన కిటికీ తెర క్రిందినుండి ఒక హోటలు గదిలోకి దూరుతుంది. డబ్బు చాలక పెండ్లి చేసుకోలేని ఒక జంట అక్కడ మాటలాడుకొంటున్నది. చోరుని వలె లోపలికి ప్రవేశించింది ప్రేక్షకుడేనని అప్పటికి ఎవరికీ తోచదు.

జానెట్ లీ పేరుగాంచిన నటి. తొలి ఘట్టంలో కనిపించిన అట్టి తార కడవరకు నిలుస్తుందని ప్రేక్షకుల విశ్వాసం. ఆ విశ్వాసాన్నే ఆయన ఆయుధంగా వాడుకొని, సగం కథ కాకముందే ఆమె పాత్రను చంపించాడు. ముక్కాలు నిమిషం మించని ఆ స్నానాల గది ఘట్టానికి ఏడు రోజులు పట్టింది. రక్తానికి బదులు చాకొలెట్ పాకం పోశారు. సంగీతం వద్దన్న హిచ్‌కాక్ హెర్మన్ కూర్చిన స్వరాలు విని మనసు మార్చుకొన్నాడు. ఆట ప్రారంభమైన తరువాత ఎవరినీ లోపలికి రానీయరాదని థియేటర్ల వారికి కఠినమైన నిబంధన విధించాడు. తొలి నిమిషాలు చూడనివానికి ఆ హత్య అర్థమే కాదు.

ఇంతటి నేర్పరికి నటీనటుల ఎడల దయ ఎప్పుడూ ఉండేదని చెప్పలేము. 1963లో విడుదలైన 'ది బర్డ్స్'లో కొత్త నటి టిప్పీ హెడ్రెన్‌పై రోజుల తరబడి సజీవ పక్షులను విసరించి ఒక ఘట్టం తీశారు. ఆమెకు వైద్యుడు విశ్రాంతి విధించవలసి వచ్చింది. ఆయన ప్రవర్తన గురించి ఆమె తరువాత తీవ్రమైన ఆరోపణలు చేసింది. తెరమీది భయాన్ని ప్రేమించే పాఠకులు ఈ పుటను దాటవేయకూడదు.

1980 ఏప్రిల్ 29న లాస్ ఏంజెలస్ నగరంలో హిచ్‌కాక్ మరణించాడు. ఆ సంవత్సరారంభంలోనే బ్రిటన్ ఆయనకు సర్ బిరుదం ఇచ్చింది. 2012లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆయన మూకీ చిత్రాలలో మిగిలిన తొమ్మిదింటిని పునరుద్ధరించింది. 'ది లాడ్జర్'లో రాత్రికి నీలిరంగు, దీపకాంతికి పసుపు తిరిగి వచ్చాయి. భారత సంతతికి చెందిన నితిన్ సాహ్నీ దానికి కొత్త సంగీతం కూర్చాడు. 1926 నాటి రెండవ చిత్రం 'ది మౌంటెన్ ఈగిల్' ప్రతి మాత్రం ఎక్కడా దొరకలేదు.