కట్టడం నిలవాలంటే... కాటన్ నేర్పిన లెక్క

మానవపాడు నుంచి దక్షిణానికి వెళితే తుంగభద్ర వస్తుంది. రాజోలి దగ్గర ఆవలి ఒడ్డున సుంకేసుల. ఈ ప్రాంతంలో సివిల్ ఇంజినీరింగ్ చదివే మీకు ఆ బ్యారేజీ కొత్తేం కాదు. అక్కడ మొదటి ఆనకట్ట ఎవరి ఆలోచనతో లేచిందో తెలుసా? సర్ ఆర్థర్ కాటన్. ధవళేశ్వరంలో ఆయన గెలిచిన కథ పోటీ పరీక్షల కోసం అందరూ చదువుతారు. సుంకేసుల కాలువకు తగిలిన ఎదురుదెబ్బ గురించి చదివేది తక్కువ. తక్కువ ఖర్చుతో, ప్రకృతికి తక్కువ నష్టంతో, ఎక్కువ కాలం పనికొచ్చేలా కట్టడం ఎలా అన్నదే నేటి ప్రాజెక్ట్ మేనేజర్ల పెద్ద సవాల్. ఆ రంగంలోకి వెళ్లాలనుకుంటే మీకు ఆ రెండు కథలూ కావాలి.

పాత కట్టడమే పాఠం

కాటన్ 1803 మే 15న ఇంగ్లండ్‌లో పుట్టారు. ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చదివి, 1821లో ఇంజినీరుగా మద్రాసు చేరారు. కావేరి నీళ్లు కొల్లిడం పాయలోకి జారిపోయి తంజావూరు పొలాలు ఎండుతున్న రోజులవి. దాన్ని సరిచేయడానికి వెళ్లిన ఆయన చోళుల నాటి కల్లణైను శ్రద్ధగా చూశారు. గట్టి రాతి పునాది దొరకని ఇసుక నదిలో వందల ఏళ్లుగా రాతి కట్ట ఎలా నిలిచింది? ఆ కిటుకు పట్టుకునే 1836లో కొల్లిడంపై ఆనకట్టల పని మొదలుపెట్టారు.

గమనించండి, ఆయన కొత్త టెక్నాలజీ కోసం విదేశాల వైపు చూడలేదు. స్థానికులకు తెలిసిన పద్ధతికి లెక్కలు జోడించారు.

ధవళేశ్వరం: దగ్గరున్న రాయి, సున్నం

1833 డొక్కల కరువు తెలుగు తీరాన్ని కుదిపేసింది. గోదావరి మాత్రం ఏటా సముద్రంలోకి పోతూనే ఉంది. 1844లో కాటన్ నివేదిక ఇస్తే, 1846 చివర్లో గానీ అనుమతి రాలేదు. సర్కారుకు ఖర్చు భయం. మనుషులు, డబ్బు ఎప్పుడూ అడిగినదానికన్నా తక్కువే. బడ్జెట్ కోసం ఇప్పటి మేనేజర్లు పడే తిప్పలే అనుకోండి.

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం కొండ రాయిని పట్టాల మీద నదికి చేర్చారు. కలప గోదావరి అడవులదే. ఇసుకలో బావులు దించి పునాది వేశారు. దిగువన వదులుగా రాళ్లు పేర్చారు. ఆ రాళ్లు వరదకు కొంత కొట్టుకుపోతాయి, మళ్లీ వేయాలి. అంటే మరమ్మతు కూడా డిజైన్‌లో భాగమే. కాలువ తల దగ్గర పూడిక పేరుకోకుండా తూములూ పెట్టారు. మధ్యలో ఆరోగ్యం దెబ్బతిని కాటన్ ఆస్ట్రేలియా వెళ్లాల్సి వచ్చింది. కెప్టెన్ ఓర్ పని నడిపించారు కాబట్టి అది ఆగలేదు. 1852లో ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో కొత్త బ్యారేజీ వచ్చేదాకా నూట ఇరవై ఏళ్లకు పైగా సేవలందించింది.

సుంకేసుల: లెక్క ఎక్కడ తప్పింది?

ఆ విజయంతో కాటన్ ఉత్సాహం పెరిగింది. రైళ్ల కన్నా కాలువలు చవక, పడవలూ నడుస్తాయి, పొలాలూ తడుస్తాయి అన్నది ఆయన వాదన. ఆయన ప్రోత్సాహంతో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. సుంకేసుల నుంచి కడప దాకా కాలువ చేపట్టింది. అదే కేసీ కెనాల్. సర్కారు 10 లక్షల పౌండ్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ హామీ ఇచ్చింది. అదీ చాల్లేదు. మరో 6 లక్షల పౌండ్లు అప్పు ఇవ్వాల్సి వచ్చింది.

కాలువైతే తవ్వారు. నీళ్లు తీసుకునేవాళ్లే కరువయ్యారు. కారణం కష్టమైందేం కాదు. గోదావరి డెల్టా రైతుకు వరి కావాలి. కర్నూలు నల్లరేగడి రైతు జొన్న, పత్తి వేస్తాడు. ఆ నేల తేమ పట్టి ఉంచుతుంది. వానలు సరిగ్గా పడితే శిస్తు కట్టి నీళ్లు ఎందుకు కొంటాడు? 1876-78 మహాకరువులో మాత్రం ఆ కాలువ కోసం జనం ఎగబడ్డారు. అయినా కంపెనీ నిలదొక్కుకోలేదు. 1882లో సర్కారే కాలువను కొనేసింది. పెద్ద కాలువల మీద ఖర్చు విషయంలో కాటన్ వాదన 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు విమర్శలకు గురైంది. ఆయన 1899 జులై 24న, 96వ ఏట కన్నుమూశారు.

నేడు కేసీ కెనాల్ ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. అంటే కాలువ దండగ కాదు. ఎవరు, ఎప్పుడు, ఏ పంటకు వాడతారన్న అంచనాయే తప్పింది.

మీకేం పనికొస్తుంది?

నదికి మన వైపు చూడండి. ఆర్డీఎస్ కాలువకు కాగితం మీద 87,500 ఎకరాల ఆయకట్టు ఉంది. చివరి భూములకు నీరందడం లేదన్న గోడు అలంపూర్ వైపు ఏళ్లుగా వింటూనే ఉన్నాం. కట్టడం పూర్తయినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు.

మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకో, సైట్ ఇంజినీరు ఇంటర్వ్యూకో సిద్ధమయ్యేటప్పుడు మూడు లెక్కలు దగ్గర పెట్టుకోండి. సామగ్రి ఎంత దూరం నుంచి వస్తోంది? ఇరవై ఏళ్ల తర్వాత మరమ్మతు ఎవరు, ఏ డబ్బుతో చేస్తారు? వాడుకునేవాళ్లను ఎవరైనా వెళ్లి అడిగారా? మొదటి రెండింటికీ జవాబు డ్రాయింగుల్లో, ఎస్టిమేట్లలో దొరుకుతుంది. మూడోదానికి ఊళ్లోకి వెళ్లాల్సిందే.